జీవో ఆగింది సరే, అడవి పటం ఎవరు గీయాలె?

పోస్టు పెద్దగ ఉంటది, ఓపిక చేసుకొని చదవండి. తిట్టాలనిపిస్తే కూడా మొత్తం చదివినంకనే తిట్టండి.

గ్రూపుల కొన్ని రోజుల సంది ఒకటే మాట తిరుగుతున్నది. "జీపీఎస్ పట్టుకొని ఊర్లెకు ఎవడొచ్చినా ఎల్లగొట్టాలె. పులి పటం అంటేనే మోసం." లైకులు బాగానే వచ్చినయి. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఆసిఫాబాద్ జిల్లాల పుట్టినోళ్ళకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. కానీ ఆ మాట తోనే నాకు పేచీ. పటం మోసం కాదు. పటం ఒక ఆయుధం. ఇన్ని రోజులు అది వాళ్ళ చేతుల ఉన్నది, మనం ఎదురుగ నిలబడ్డం. ఇప్పుడు ఎల్లగొట్టుడు ఒక్కటే నేర్చుకుంటే ఇంకో యాభై ఏండ్లు అట్లనే నిలబడతం.

మొదలు ఏం జరిగిందో కొత్తగ చేరిన తమ్ముళ్ళ కోసం చెప్తా. 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. కవాల్ టైగర్ రిజర్వును మహారాష్ట్రల ఉన్న తాడోబాతో కలిపే అడవిని, సుమారు 1,492 చదరపు కిలోమీటర్లను, కన్జర్వేషన్ రిజర్వు అన్నది. 339 ఊర్లు అందులకొస్తయని పత్రికల్లో చదివినం. పేరు ఏం పెట్టిండ్రు? కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు. 1940ల జోడేఘాట్ గుట్టల మీద ఎవరి గీతకు ఎదురు నిలబడి భీం పాణం ఇచ్చిండో, ఆ గీతకే ఆయన పేరు. దీని మీద నేను కొత్తగ రాసేది ఏం లేదు, బంద్‌ల రోజు రోడ్డు మీద మీరే గట్టిగ చెప్పిండ్రు. జులై 21న జీవోను అబయన్స్‌ల పెట్టిండ్రు. అబయన్స్ అంటే రద్దు కాదు. పక్కకు పెట్టిండ్రు, అంతే. పక్కకు పెట్టింది మళ్ళ తీస్తరు.

ఇంకో సంగతి గుర్తు చేస్త. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ మొదలైంది కూడా మన ఆసిఫాబాద్‌లనే. రెండేండ్లు తిరగకముందే అదే జిల్లా మీద ఈ జీవో. ఒక ఆఫీసు చేతిల పట్టా పెడతది, ఇంకో ఆఫీసు దాని చుట్టూ గీత గీస్తది. ఇద్దరి దగ్గర పటాలు ఉన్నయి. రెండు పటాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినోడు లేడు. ఆ పని చేయాల్సింది గ్రామసభ. గ్రామసభ దగ్గర ఏ పటమూ లేదు.

ఇప్పుడు చట్టం. కోపంల మనోళ్ళు కొందరు తప్పు మాటలు కూడా రాస్తున్నరు, అది మనకే నష్టం. కన్జర్వేషన్ రిజర్వు అనేది వన్యప్రాణి సంరక్షణ చట్టంల 36ఎ సెక్షన్. అందుల "ఊరు ఖాళీ చేయాలె" అన్న మాట లేదు. లోపల ఉన్నోళ్ళ హక్కులు తీసేస్తమన్న మాట కూడా లేదు. కలెక్టర్ ముందట నిలబడి "ఈ సెక్షన్ మమ్మల్ని తరిమేస్తది" అంటే ఆయన చట్టం తీసి చదివి మన నోరు మూయిస్తడు. కాబట్టి అందుల ఏం ఉన్నదో అదే పట్టుకోవాలె.

ఏం ఉన్నది? ఒకటి, ప్రకటన చేసే ముందు స్థానిక ప్రజలతో సంప్రదించాలె అని అదే సెక్షన్ల ఉన్నది. మీ ఊర్ల ఎవరన్నా దండోరా వేసి సంప్రదించిండ్రా? మా దగ్గరైతే జీవో కాపీ వాట్సాప్‌ల చూసినంకనే తెలిసింది. రెండోది ఎవరూ మాట్లాడనిది. అభయారణ్యానికి వర్తించే నిప్పు సెక్షన్, ముప్పయ్యోది, కన్జర్వేషన్ రిజర్వుకు కూడా వర్తిస్తది. అడవిల నిప్పు పెట్టొద్దు. వినడానికి మంచిగనే ఉంటది. కానీ ఇప్పపువ్వు ఏరేటోళ్ళకు తెలుసు, చెట్టు కింద ఎండుటాకు ఊడ్చి చిన్నగ కాల్చకపోతే పువ్వు కనబడదు. అదే పని రేపు ఒక బీట్ ఆఫీసర్‌కు కేసు. అడవి మొత్తం తగలబడే మంట వేరు, చెట్టు కింద గంపెడు ఆకు కాల్చేది వేరు. ఆ తేడా కాగితం మీద ఎక్కడా లేదు. మూడోది కమిటీ. పంచాయతీకి ఒక మనిషి, వన్యప్రాణుల మీద పనిచేసే సంస్థల నుంచి ముగ్గురు, వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల నుంచి ఒక్కొక్కరు, అటవీ శాఖ అధికారి మెంబర్ సెక్రటరీ. ఆ కమిటీ చేసేది సలహా చెప్పుడు వరకే. గ్రామసభ అన్న మాటే అందుల లేదు.

భయం ఎందుకంటే, గీతలు పెరుగుతయి. కవాల్ 1965ల అభయారణ్యం. 2012ల టైగర్ రిజర్వు. ఆ తర్వాత మైసంపేట, రాంపూర్ ఊర్లు కోర్ లోపలి నుంచి బయటికొచ్చినయి. ఇష్టంగనే పోయిండ్రని కొందరు అంటరు, అందులోని ఇష్టమెంత, కష్టమెంత అనేది వేరే పోస్టు. నేను చెప్పేది ఒకటే: మెత్తని పేరుతో మొదలైన గీత మెత్తగనే ఉంటదని మనకు ఎవరూ రాసియ్యలేదు.

సరే, ఆ పులి పటం అసలు ఎట్ల తయారైతది? ఇది మనం తెలుసుకోవాలె, ఎందుకంటే తెలిస్తేనే ఎక్కడ ప్రశ్న వేయాల్నో తెలుస్తది. కారిడార్ పటానికి మొదలు అడుగుజాడలు, పెంటిక, కెమెరా ట్రాపులు. తర్వాత ఉపగ్రహ చిత్రాలు. అడవి, పొలం, ఊరు, రోడ్డు, ఒక్కో దానికి ఒక్కో నంబర్ ఇస్తరు. పులికి అక్కడ నడవడం ఎంత కష్టమో ఆ నంబర్ చెప్తది. దట్టమైన అడవికి తక్కువ, ఊరుకు ఎక్కువ. కంప్యూటర్ అన్నింటికన్న తక్కువ కష్టమున్న దారి తీస్తది. 2014ల జాతీయ పులుల సంరక్షణ సంస్థ, డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ కలిసి దేశంల 32 పెద్ద కారిడార్లు గుర్తించింది దాదాపు ఈ పద్ధతిలనే. సైన్సుగ అది తప్పు కాదు, నేను దాన్ని ఎగతాళి చేయను. కానీ చూడండి, ఆ లెక్కల మన గూడెం ఒక కష్టం నంబర్. మన పోడు ఒక కష్టం నంబర్. లెక్క మొదలు కాకముందే మనం అడ్డంకి అయినం.

మరి పులి ఏం చేసింది? తాడోబా నుంచి వచ్చిన ఆడపులి, అటవీ శాఖోళ్ళే ఫాల్గుణ అని పేరు పెట్టిండ్రు, పిల్లలను పెట్టింది కాగజ్‌నగర్ అడవిల. కవాల్ కోర్‌ల కాదు. ఊర్లు, పశువులు, పత్తి చేన్లు ఉన్న అడవిల. మనుషులు ఉంటే పులి ఉండదు అన్న మాటకు పులే సమాధానం చెప్పింది. దీన్ని మనోళ్ళు ఎందుకు గట్టిగ చెప్పరో నాకు అర్థం కాదు. పెంచికల్‌పేట దగ్గర పాలరాపు గుట్ట మీద రాబందులు బతికినయి. దేశమంతా రాబందులు రాలిపోయిన కాలంల. అడవి అక్కడ మిగిలిందంటే దాని పక్కన ఉన్నోళ్ళు ఎవరు?

అడవిని ఖాళీ చేసింది ఎవరో కూడా పటం మీద ఉండాలె. కాగజ్‌నగర్ పేరుల్నే కాగజ్ ఉన్నది. దశాబ్దాలు ఈ అడవి వెదురు మిల్లుకు పోయింది. తర్వాత నీలగిరి తోటలు పెట్టిండ్రు. నీలగిరి కింద ఏం మొలుస్తది? దుప్పి అందుల ఏం తింటది? దాన్ని ఉపగ్రహం నుంచి చూస్తే పచ్చగనే కనబడతది. రెబ్బెన దిక్కు ఓపెన్ కాస్ట్ బొగ్గు గుంతలు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు పట్టాలు, ఇప్పుడు నాలుగు లేన్ల హైవే, రెండూ ఈ కారిడార్‌ను అడ్డంగ కోస్తున్నయి. వీటి కోసం రాత్రికి రాత్రి జీవోను ఆపమని ఎవరూ అడగరు. పోడు చెలక మాత్రం ఆక్రమణ. పులికి ఏది పెద్ద అడ్డం, మూడెకరాల జొన్న చేనా, రాత్రంతా లారీలు పోయే రోడ్డా? మన పటంల ఈ రెండూ పక్కపక్కన పెట్టి అడుగుదం.

ఇక మన మాట. మనం కూడా పాలకడిగినట్టు మాట్లాడొద్దు. అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నది ఎవరు? ఆ తీగ పులిని, మనిషిని, ఎద్దును గుర్తుపట్టదు. 2024 జనవరిల దరిగాం అడవిల రెండు పులులు చచ్చినయి, అందుల విషం సంగతి అందరికీ తెలుసు. పశువు పోతే పరిహారం టైముకు రాదు, నిజమే. అది అడగాల్సిన కొట్లాట, విషం పెట్టాల్సిన కారణం కాదు. బయటి నుంచి వచ్చే ముఠాలు అలుగు కోసం, పులి గోళ్ళ కోసం తిరుగుతున్నరంటే వాళ్ళకు దారి చూపించేది కూడా ఒక్కోసారి మనోడే. ఇది రాస్తే నన్ను శాఖోళ్ళ మనిషి అంటరు. అనండి.

మన ఊర్ల పెద్దమనిషి ఒకాయన ఏ నెలల ఏ వాగుల నీళ్ళుంటయో, ఎలుగు ఏ గుట్ట గుహల పిల్లలను పెడతదో, ఏ మర్రి పండినప్పుడు ఏ పక్షి వస్తదో కండ్లు మూసుకొని చెప్తడు. అటవీ శాఖకు ట్రాకర్లుగ, బేస్ క్యాంపు వాచర్లుగ పోతున్నది మన అన్నలే. రోజు కూలికి. వాళ్ళు చూపించిన జాడ మీదనే కెమెరా కడతరు. రిపోర్టు వచ్చినప్పుడు ఆ జాడ ఉంటది, ఆ మనిషి ఉండడు. ఈ తెలివి ఇప్పటికే పటంల ఉన్నది. మన పేరు, మన హక్కు మాత్రమే లేదు.

కాబట్టి నేను అంటున్నది: గ్రామసభ తన అడవి పటం తనే గీయాలె. వన్యప్రాణులకు ముఖ్యమైన చోట్లు, పాడైన చోట్లు, బాగు చేయాల్సిన చోట్లు, అన్నీ. దీనికి కొత్త చట్టం అక్కర లేదు. 2006 అటవీ హక్కుల చట్టంల సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అటవీ వనరును కాపాడుకునే, మళ్ళ పెంచుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడడానికి గ్రామసభ కమిటీ వేసుకోవచ్చని రూల్స్‌ల ఉన్నది. ఊరికి ఈ హక్కు గుర్తించకపోతే ఎందుకు గుర్తించలేదో జిల్లా కమిటీ కారణం రాసి పెట్టాలె, 2012 సవరణ ఆ మాట చెప్తది. మీ ఊరి కారణం ఎక్కడన్నా చూసిండ్రా? ఇంకో ముచ్చట, హక్కు క్లెయిముకు సాక్ష్యాలుగ మేత బీడు, దుంపలు తవ్వే చోటు, చేపల మడుగు, నీటి ఊట, దేవుని చెట్టు, పెద్దమనుషుల వాంగ్మూలం, ఇవన్నీ చెల్లుతయి. అంటే ఎలుగు, దుప్పి, మనం ఒకే ఊట దగ్గరికి పోతే, ఆ ఊటను ఒక్కసారి పటం మీద పెడితే రెండు పనులైతయి. జంతువుకు అది ముఖ్యమైన చోటు. మనకు అది సాక్ష్యం.

పంచాయతీల జీవవైవిధ్య రిజిస్టర్ అని ఒకటి ఉండాలె, 2002 చట్టం ప్రకారం. 2020 జనవరి 31 గడువు పెట్టిన తర్వాత దేశమంతా హడావుడిగ రాసిండ్రు. మీ పంచాయతీది అడిగి తెరిచి చూడండి. మీ వాగు పేరు అందుల ఉన్నదా, లేక పక్క మండలం రిజిస్టర్‌కు అట్ట మార్చిండ్రా అనేది చూస్తేనే తెలుస్తది.

ఇట్లాంటి పని ఎక్కడన్నా అయిందా అని అడిగేటోళ్ళకు. కర్ణాటకల బిళిగిరి రంగన గుట్టల్ల సోలిగలు పరిశోధకులతో కలిసి తమ పవిత్ర స్థలాలను, వాగులను, గుట్టలను వందల సంఖ్యల పటం మీద పెట్టిండ్రు. ఆ అడవి టైగర్ రిజర్వు అయిన 2011లనే సోలిగ ఊర్లు సామూహిక హక్కు పత్రాలు తెచ్చుకున్నయి. వాళ్ళు ఇంకో మాట కూడా చెప్పిండ్రు. పాతకాలంల ఎండకాలం మొదట్ల చిన్న మంట పెట్టేటోళ్ళు, అది ఆపినంక లంటానా కంప అడవి కిందంతా కమ్ముకున్నది, గడ్డి పోయింది అని. పరిశోధకులు ఆ మాటను పక్కకు పెట్టకుండ చదువుకు తీసుకున్నరు. మన దగ్గర కూడా లంటానా ఎక్కడెక్కడ కమ్మిందో, అంతకు ముందు అక్కడ ఏ గడ్డి ఉండెనో పశువులు కాసే తాతకు తెలుసు. అడవి బాగు చేయడమంటే టేకు మొక్కలు వరుసగ నాటుడు కాదు. ఆ గడ్డి మళ్ళ వచ్చుడు. గడ్డి వస్తే దుప్పి, దుప్పి ఉంటే పులి మన లేగదూడ దిక్కు తక్కువ చూస్తది. ప్రాణహిత దాటితే గడ్చిరోలిల మెండా లేఖా ఉన్నది, మన గోండులే. 2009ల సామూహిక హక్కు తెచ్చుకొని వెదురు తామే అమ్ముకున్నరు. మహారాష్ట్రల నడిచేది నది ఇవతల ఎందుకు నడవదు?

ఇంకో కారణం ఉన్నది మన పటం ఎందుకు కావాల్నో. వాళ్ళ పటంల కాలం లేదు. గీత పన్నెండు నెలలు ఒకే తీరుగ ఉంటది. అడవి అట్ల ఉండదు గదా. 2020ల దహెగాం మండలంల ఒక పిల్లగాన్ని, పెంచికల్‌పేట మండలంల ఒక పిల్లను, 2024ల కాగజ్‌నగర్ మండలంల ఒక ఆడబిడ్డను పులి చంపింది. మూడూ నవంబర్ నెలల్నే. నవంబర్ అంటే పత్తి ఏరే కాలం. చేను ఎత్తుగ ఉంటది, ఆడవాళ్ళు వంగి ఏరుతరు, పులికి వంగిన మనిషి మనిషిలెక్క కనబడదు. ఏ ఊరి ఏ చేను అడవికి ఆనుకొని ఉన్నది, ఏ వాగు వెంట పులి దిగుతది, ఏ నెలల దిగుతది, ఇవి ముందే పటం మీద ఉంటే ఆ వారం పదిరోజులు ఆ చేన్లకు గుంపుగ పోవాలె, పొద్దెక్కినంక పోవాలె, పొద్దు గూకకముందే రావాలె అని ఊరు తీర్మానం చేసుకోవచ్చు. మొత్తం 1,492 చదరపు కిలోమీటర్లు సంవత్సరం పొడుగునా బంద్ పెట్టే అవసరం లేదు. కొన్ని చోట్లు, కొన్ని నెలలు. అకాడికి ముందు పశువులను ఫలాన దిక్కు తోలొద్దని మన పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు ఇదే గదా. దాన్ని వాళ్ళ భాషల సీజనల్ జోనింగ్ అంటరు. పేరు ఏదన్నా పెట్టుకోని.

ఒక అక్క కామెంట్ పెట్టింది, "మనం గీసి పెడితే అదే పటం గుంజుకొని అదే చోట మళ్ళ రిజర్వు అంటరు" అని. చాలా గట్టి మాట. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, కొంత ఉన్నది. మొదటిది, క్లెయిమ్ ముందు, పటం తర్వాత కాదు. రెండూ ఒకే గ్రామసభల, ఒకే తీర్మానంతో పోవాలె, రిజిస్టర్‌ల సంతకాలతో. అటవీ హక్కుల చట్టం కింద క్రిటికల్ వైల్డ్‌లైఫ్ హాబిటాట్ అని ప్రకటించాలంటే మొదలు హక్కుల గుర్తింపు పూర్తి కావాలె, గ్రామసభ ఒప్పుకోవాలె అని ఉన్నది. హక్కు లేని పటం ఇస్తే ఆ అక్క చెప్పిందే జరుగుతది. రెండోది, అన్నీ ఇయ్యొద్దు. పటం రెండు తీర్లు ఉండాలె. ఊర్ల పటేల్ దగ్గర, గ్రామసభ పెట్టెల ఉండే పూర్తి పటం ఒకటి. బయటికి పోయే పటం ఇంకోటి, అందుల రాబందు గూడు, అలుగు బొరియ, ఎలుగు గుహ, మన పెర్సాపెన్ చోటు ఉండవు. ఫలాన గుట్ట మొత్తం ముఖ్యం అని ఉంటే చాలు. ఈ సంగతి అటవీ శాఖకు కూడా తెలుసు, పులి ఎక్కడున్నదో కచ్చితమైన చోటు వాళ్ళు కూడా బయట పెట్టరు. వాళ్ళు దాచుకుంటే సైన్సు, మనం దాచుకుంటే సహకరించుడు లేదు అంటే ఒప్పుకోవద్దు.

ఇంకొందరు సంస్థల వాళ్ళు వచ్చి చేసి పెడతరని చూస్తున్నరు. వస్తే రానియ్యండి, నేర్పిస్తే నేర్చుకుందం. కానీ ఫైలు వాళ్ళ ల్యాప్‌టాప్‌ల ఉండి మనకు రంగుల ప్రింటు ఒకటి గోడకు అంటించి పోతే అది మన పటం కాదు. ముడి ఫైలు గ్రామసభకు ఇచ్చినంకనే ఊరు దాటాలె అని ముందే కాగితం రాయించుకోవాలె. డిగ్రీల జాగ్రఫీ, బాటనీ, జువాలజీ చదువుతున్నోళ్ళు ఈ గ్రూపుల్నే చాలామంది ఉన్నరు. హాస్టల్ల కూర్చుండి పరీక్షకు కారిడార్ నిర్వచనం బట్టీ పట్టుడే గదా చేస్తున్నం. ఆ చదువు వాడే జాగ మన ఊరే.

పని ఎక్కువ కష్టమైంది కాదు. ఫోన్ల పాయింట్ పెట్టే ఉచిత యాప్‌లు ఉన్నయి, నెట్ లేకున్నా పనిచేస్తయి. మొదలు నేల మీద ముగ్గుతోనో బూడిదతోనో పెద్దమనుషులతో గీయించాలె, అక్కలు, అమ్మలు కూడా కూర్చోవాలె. కట్టెలకు, ఇప్పపువ్వుకు, మొర్రి పండ్లకు పోయేది వాళ్ళే, మగవాళ్ళ పటంల ఆ చోట్లు ఉండవు. తర్వాత నడవాలె. వాగు, ఊట, గుహ, పండ్ల చెట్లు, గడ్డి బీడు, లంటానా కమ్మిన చోటు, నీలగిరి తోట, కరెంటు తీగలు పెట్టే చేన్లు, రోడ్డు మీద జంతువులు చచ్చే మలుపు. ప్రతి దాని పక్కన నెల రాయాలె. పేరు గోండిల, కోలామీల, తెలుగుల, మూడింట్ల. ఆఫీసు పటంల గుట్టలకు నంబర్లే ఉన్నయి, పేర్లు లేవు.

ఎండకాలం సెలవులకు ఇంటికి పోయేటోళ్ళు ఈ ఏడు ఒక్క పని చేయండి. ఏప్రిల్, మే నెలల్ల మీ శివారుల ఏ ఊటల నీళ్ళు మిగిలి ఉన్నయో రాసుకొని రండి. అవే అన్ని జంతువులకు చివరి నీళ్ళు, అక్కడి నుంచే పటం మొదలైతది. మీ ఊరి పేరు, ఎన్ని ఊటలు, సామూహిక హక్కు క్లెయిమ్ పెట్టిండ్రా లేదా, ఈ మూడు మాత్రమే కింద కామెంట్ల పెట్టండి. లొకేషన్ పిన్ మాత్రం ఈ గ్రూపుల పెట్టకండి, మనం ఎంతమందిమో, ఎవరెవరు చూస్తున్నరో మనకు తెలియదు.